గోరు పడిన ఉడుముమెడ

ఏ పండు చేతికొచ్చినా కేసోన్ ముందు దాని మీద బొటనవేలి గోరు పెడుతుంది. లోతుగా కాదు, తోలు తెగేంత. గాటులో ఊరిన రంగు చూస్తుంది. గోరు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన పీలుస్తుంది. ఆ తరవాతే ఆ పండుతో మాట.

చంతబురి ఊళ్ళో నది ఒడ్డు బజారులో పళ్ళమ్మే ఆడవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. ఆమె వస్తుంటే గంపల మీద చేతులు అడ్డం పెడతారు.

"పెద్దమ్మా, ఆ గోరు ఇంట్లో పెట్టి రారాదూ!"

"గోరు లేకపోతే నేను గుడ్డిదాన్నే పిల్లా."

"గోరు పడ్డ పండు ఎవరు కొంటారు?"

"నేనే."

నిజమే. గోరు పెట్టిన పండుని ఆమె ఎన్నడూ గంపలో వదిలి వెళ్ళలేదు. కుళ్ళినదైనా సరే, సంచిలో వేసుకుంటుంది.

ఆమెకి అరవై నాలుగేళ్ళు. వయసులో ఉండగా ఇరవై ఏళ్ళు నీలాలు సానపట్టింది. చూపు తగ్గాక సానరాయి వదిలి, తల్లి చేసే పని అందుకుంది. చేతితో పళ్ళు చేయడం ఆ పని.

చాయపెసరపప్పు నానేసి, ఆవిరి మీద ఉడికించి, రోట్లో మెత్తగా నూరుతుంది. కొబ్బరిపాలు, పంచదార పోసి ఇత్తడి మూకుట్లో కలియబెడుతుంది. ముద్ద మూకుడుని వదిలి గరిటెని పట్టుకునేదాకా కలపాలి. చల్లారాక మూతకుండలో పెట్టి సుగంధపు వత్తి పొగ పట్టిస్తుంది. తరవాత కాల్చేది లేదు, వేయించేది లేదు. అంతా వేళ్ళ పని. ముద్దని పళ్ళుగా మలిచి వెదురు పుల్లలకి గుచ్చుతుంది. పుల్లల్ని అరటిబోదెకి గుచ్చి వరసగా నిలబెడుతుంది. సన్నటి కుంచెతో రంగులు వేస్తుంది. చివరికి చైనాగడ్డి కాచిన జిగురులో ముంచి తీస్తే పండు తోలు నిగనిగలాడుతుంది.

పండగ వస్తే ఆ ఊళ్ళో ఈ మిఠాయి పళ్ళు లేని పళ్ళెం ఉండదు. బజారులో ఇంకా నలుగురు చేస్తారు. వాళ్ళు బొటనవేలంత మామిడి చేస్తారు, బఠాణీ అంత పుచ్చకాయ చేస్తారు, పనసలా ముళ్ళ తోలుండే దురియన్ చేస్తారు. దురియన్ ఎక్కువగా అమ్ముడవుతుంది. పక్క దుకాణం ప్రనోమ్ రబ్బరు అచ్చులు తెప్పించి ఒక్క పూటలో మూడు వందలు దించుతుంది.

కేసోన్ పళ్ళకి రెండు పట్టింపులున్నాయి. అసలు పండు ఎంతుంటే అంతే చేస్తుంది. అందుకని చిన్న పళ్ళే చేస్తుంది. చెట్టు ఇంకా ఊళ్ళో ఉన్న పండు చేయదు. ఇది రెండోది.

"దురియన్ చెయ్యవేంటి పెద్దమ్మా? చేతులు నొప్పా?" అని ప్రనోమ్ ఒకసారి అడిగింది.

"దానికి నా అవసరమేముంది? ఊరంతా అదేగా."

బస్సుల స్టాండు దగ్గరి నేరేడుని రోడ్డు కోసం కొట్టేసిన ఏడాది ఆమె పళ్ళెంలోకి నేరేడు వచ్చింది. బడి గోడ కట్టిన ఏడాది రాచ ఉసిరి వచ్చింది. కొండవాలు చదును చేసిన ఏడాది వాక్కాయ వచ్చింది. ఊళ్ళో ముసలివాళ్ళు ఆమె దుకాణం ముందు ఆగి, కొత్త పండు కనిపిస్తే "అయ్యో, అదీ పోయిందా!" అనేవారు. ఎవరి చెట్టు ఎప్పుడు పోయిందో ఆ పళ్ళెం చూస్తే తెలిసేది.

ఉడుముమెడ చివరగా వచ్చింది.

అది ఆ కొండల్లో దానంతట అది మొలిచే చెట్టు. పండు గోలీ కన్నా కాస్త పెద్దది. ఎర్రటి తోలు ఉడుము మెడ మీది చర్మంలా గరుకుగా ఉంటుంది. లోపల పలచటి గుజ్జు, పెద్ద గింజ. పులుపు ఎంతంటే, నోట్లో పడగానే ఒక కన్ను దానంతటదే మూసుకుంటుంది. పిల్లలు, ముసలివాళ్ళు, ఉడతలు తప్ప ఎవరూ తినరు. ఎవరూ కొనరు. దురియన్‌కి గిరాకీ పెరిగాక ఆ చెట్లు ఒక్కొక్కటే పడిపోయాయి. చివరికి ఒక్కటి మిగిలింది. అది తవిన్ అనే ఆసామి తోటలో, కాలవ మలుపు దగ్గర ఉండేది.

కేసోన్ తల్లి తొంభయ్యో ఏట మంచం పట్టింది. వారం రోజులు మాట లేదు. కిందటేడు ఏప్రిల్‌లో ఒక ఉదయం కళ్ళు తెరిచి, "ఉడుముమెడ" అంది. ఇంకేమీ అనలేదు.

కేసోన్ స్కూటర్ తీసుకుని కాలవ మలుపుకి వెళ్ళింది. అక్కడ మొద్దు ఉంది. చుట్టూ రంపపు పొట్టు ఉంది. వంగి మొద్దు మీద గోరు పెట్టింది. ఇంకా పచ్చిగానే ఉంది. చెట్టు పడి నెల కాలేదు.

ఇంటికొచ్చి పచ్చిమామిడి ముక్క తల్లి నాలుక మీద పెట్టింది. తల్లి ఉమ్మేసింది.

"ఇది కాదు" అంది.

ఆ తరవాత పదకొండు రోజులు బతికింది గానీ మళ్ళీ మాట్లాడలేదు.

పోయినవాళ్ళకి ఏదైనా పంపాలంటే భిక్షువుల గిన్నెలో వెయ్యాలి. వేసి, వాళ్ళ పేరు తలుచుకుని నీళ్ళు వదలాలి. గిన్నెలో ఏది పడితే అక్కడికి అదే చేరుతుంది. అన్నం పెడితే అన్నం. బట్ట పెడితే బట్ట. చంతబురిలో పుట్టినవాళ్ళెవరూ దీని గురించి వాదించరు.

కేసోన్ ఉడుముమెడ చేయడం మొదలుపెట్టింది.

ఏడాది పట్టింది. రంగు వారంలో కుదిరింది. తోలు కుదరలేదు. సూది వెనక వైపుతో ముద్ద మీద గుంటలు పొడిచింది, ఒక్కో పండుకి రెండు వందలకి పైగా. నీలం మీద పలకలు తీసిన చెయ్యి కాబట్టి గుంటలు వరస తప్పలేదు. కానీ జిగురులో ముంచగానే గుంటలన్నీ పూడిపోయేవి. పండు గాజుగోలీలా నున్నగా వచ్చేది.

"అబ్బ, ఎంత బాగుందో!" అనేది చెల్లెలు బుప్ఫా. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు. అక్క చేస్తుంది, చెల్లెలు అమ్ముతుంది.

"బాగుందే. ఉడుముమెడ మాత్రం కాదు" అని కేసోన్ దాన్ని మళ్ళీ ముద్దలో కలిపేసేది.

నాలుగు నెలలు జిగురుతోనే పోట్లాడింది. చివరికి జిగురుని నీళ్ళంత పలచగా కాచి, పొగలు కక్కుతుండగా పండుని ఒక్కసారి ముంచి, పుల్లని రెండు వేళ్ళ మధ్య గిరగిరా తిప్పితే, గుంటల్లో నిలిచిన జిగురు ఎగిరిపోయింది. తోలు గరుకు తోలుగానే నిలిచింది. మిగతా పళ్ళకి తొడిమ దగ్గర నిజమైన ఆకు గుచ్చడం రివాజు. దీనికి గుచ్చలేదు. వేరే చెట్టు ఆకు పెట్టడం ఆమెకి ఇష్టం లేదు. ఆకు ఉండాల్సిన చోట చిన్న గుంట వదిలింది.

మే నెల పున్నమికి, వైశాఖ పండగ రోజున, నూట ఎనిమిది ఉడుముమెడలు పళ్ళెంలో కుప్పగా పోసి, తేనెతుట్టె కొండ మీది విహారానికి తీసుకెళ్ళింది.

విహారంలో పెత్తనమంతా తవిన్‌ది. కాలవ మలుపు తోట కూడా ఆ తవిన్‌దే. అరవై ఎనిమిదేళ్ళవాడు, గట్టి గొంతు, మంచి భక్తుడు. పండగ రోజున మైకు ఆయన చేతిలోంచి దిగదు. భిక్షువులు గింజ ఉన్న పండుని అలాగే తినకూడదు. గింజలో ప్రాణం ఉంటుంది. భిక్షువు "కప్పియం కరోహి" అనాలి, తినదగినట్టు చెయ్యమని. అప్పుడు గృహస్థు ఒకరు పండుకి గోటితోనో కత్తితోనో గాటు పెట్టి "కప్పియం భంతే" అనాలి, చేశాను స్వామీ అని. పళ్ళు ఒకదానికొకటి తగిలేలా కుప్పగా ఉంటే ఒక్కదానికి గాటు పెడితే చాలు. ముప్పై ఏళ్ళుగా ఆ గాటు తవిన్‌దే.

ఆ రోజు పళ్ళేల వరస వెంట నడుస్తూ నడుస్తూ ఆయన ఆగిపోయాడు.

"ఓరి ఓరి ఓరి! ఉడుముమెడే! ఎవరి చెట్టర్రా ఇది? ఇంకా ఉందా?"

మైకు చేతిలోనే ఉంది. ఆ సంతోషం కొండ కింద బస్సు ఆగే చోటు దాకా వినిపించింది.

కేసోన్ నోరు తెరిచింది. ఆమె మాట బయటికి వచ్చేలోపే భిక్షువు నోట "కప్పియం కరోహి" వచ్చేసింది. తవిన్ పై పండు మీద బొటనవేలు పెట్టి నొక్కాడు. గోరు గింజకి తగలాలి. తగల్లేదు. వేలు కణుపు దాకా దిగిపోయింది.

"కప్పియం..." అన్నాడు. "భంతే" రాలేదు. వేలు పైకి తీసి చూసుకున్నాడు. పసుప్పచ్చగా, మెత్తగా, కొబ్బరిపాల వాసన.

వెనక వరసలో ఒక ముసలామె అంది: "ఏమర్రా, తవిన్ పెసరపప్పు ప్రాణం తీశాడర్రా!"

ఇంక నవ్వు ఆగలేదు. ఒక చిన్న భిక్షువు కాషాయం అంచు నోట్లో కుక్కుకున్నాడు. కేసోన్ మాత్రం నవ్వలేదు.

తవిన్ మొహం ఉడుముమెడ రంగుకి తిరిగింది. "బుద్ధుడి ముందు దొంగపళ్ళా!" అని అరిచి, పళ్ళేన్ని వరసలోంచి లాగి స్తంభం వెనక పెట్టించాడు. దాన్ని ఏ భిక్షువూ ముట్టుకోలేదు. మధ్యాహ్నానికి చీమలు పట్టాయి. ఒక్క పండూ గిన్నెలో పడలేదు. కేసోన్ నీళ్ళు వదలకుండానే కొండ దిగింది.

మర్నాడు విహారం గుమ్మం దగ్గర నల్లబల్ల మీద సుద్దముక్కతో రాసి ఉంది: నకిలీ పళ్ళు లోపలికి తేరాదు.

వానలు మొదలయ్యాయి. భిక్షువులు మూడు నెలలు కొండ దిగరు. ఆ మూడు నెలలూ కేసోన్ దుకాణం ముందు జనం పలచబడ్డారు. పండగ పళ్ళేలకి అందరూ ప్రనోమ్ దగ్గరికే వెళ్ళారు. బల్ల మీద రాసింది ఒక్క విహారానికే అయినా, పెద్దమనిషి కోపం ఎక్కడిదాకా వస్తుందో ఎవరికి తెలుసు?

"ప్రనోమ్ దురియన్లు నకిలీవి కావా?" అని బుప్ఫా ఒకరోజు ఎగిరింది.

"కాదే. అవి ఎవర్నీ మోసం చెయ్యలేవు. అంత బాగా లేవు" అంది కేసోన్.

"అయితే నువ్వూ కాస్త బాగా లేకుండా చెయ్యరాదూ! నీలం రంగెయ్యక్కా. నీలం ఉడుముమెడని చచ్చినా ఎవడూ పండనుకోడు."

"అమ్మా అనుకోదు."

తల్లి ఉమ్మేసిన మామిడి ముక్కని ఆ రోజు ఎత్తి తుడిచింది బుప్ఫాయే.

అక్టోబరు పున్నమికి వానాకాలపు వ్రతం ముగుస్తుంది. ఆ రోజు విహారంలో పెద్ద సంతర్పణ. మర్నాడు తెల్లవారుతూనే భిక్షువులు వరసకట్టి కొండ మెట్లు దిగుతారు, బుద్ధుడు స్వర్గం నుంచి దిగివచ్చినట్టుగా. ఊరంతా మెట్లకి రెండు వైపులా నిలబడి గిన్నెల్లో వేస్తుంది.

పున్నమికి రెండు రోజుల ముందు, వాన కురుస్తున్న మధ్యాహ్నం, తవిన్ గొడుగు దులుపుకుంటూ కేసోన్ ఇంటికొచ్చాడు. ఆమె చాప మీద కూర్చుని సూదితో గుంటలు పొడుస్తోంది. లేవలేదు.

"కూర్చో తవిన్ అన్నా. మైకు తేలేదా?"

"ఎకసెక్కాలాడకు కేసోన్. మంచి మాట చెప్పడానికొచ్చా." ఆయన అరటిబోదె మీద నిలబడ్డ ఎర్రటి పళ్ళ వంక చూడకుండా కూర్చున్నాడు. "అదే పప్పు, అదే పంచదార. ఉండలు చెయ్యి. రంగొద్దు. నేనే దగ్గరుండి మొదటి వరసలో పెట్టిస్తా. మీ అమ్మ పేరు మైకులో చదువుతా."

"ఉండలు పంపితే అమ్మ ఉండలే తింటుంది."

"చచ్చినవాళ్ళకి ఆకారం ఏం తెలుస్తుందే?"

"బతికున్నోడివి, నీకే తెలియలేదు పెసరపప్పని. ఇంక వాళ్ళనంటావెందుకు?"

వంటింట్లో బుప్ఫా చేతిలోంచి గిన్నె జారింది. నవ్వు వినబడకుండా కావాలనే జార్చింది.

తవిన్ మెడ మీద నరం ఉబ్బింది. "అరవై ఎనిమిదేళ్ళకి ఊరంతా నన్ను చూసి నవ్వారు. మా మనవరాలు కూడా నవ్వింది."

"నేను నవ్వలేదు."

"నువ్వు నవ్వలేదు. అదే ఎక్కువ మండింది." గొంతు తగ్గింది. "నేను నిజంగానే అనుకున్నా కేసోన్, ఇంకో చెట్టుందని. ఎక్కడో ఎవరి పెరట్లోనో. అనుకోగానే గుండెల మీంచి బండ దిగినట్టయింది. గోరు దిగాక మళ్ళీ ఎక్కింది."

కేసోన్ సూది ఆపింది. మొదటిసారి ఆయన మొహంలోకి చూసింది.

"మరెందుకు కొట్టావు?"

"నీడ. దాని నీడన నాలుగు దురియన్లు ఎదగలేదు. చెట్టన్నాక కొడతాం, పెడతాం. నేనొక్కడినే కొట్టానా?"

"అందరూ కొట్టారు. చివరిది నువ్వు కొట్టావు."

"అయిపోయిందేదో అయిపోయింది. నువ్వు ఉండలు చెయ్యి."

"అన్నా, చెట్టు నువ్వు కొట్టావు. సరే, అది నీ చెట్టు. ఇప్పుడు నా చేతిలోది కూడా నన్నే కొట్టుకోమంటున్నావు. ఇది నీ తోట కాదు."

తవిన్ లేచాడు. గొడుగు తెరిచాడు.

"మందిరంలోకి రానివ్వను."

"చూద్దాం" అని కేసోన్ మళ్ళీ సూది అందుకుంది.

పున్నమి రోజు ఉదయం ఆమె తెల్లచీర లాంటి పొడుగు గుడ్డ చుట్టుకుని, పళ్ళెం తలకెత్తుకోకుండా రెండు చేతులా పొట్టకి ఆనించి పట్టుకుని కొండెక్కింది. పళ్ళెం మీద గుడ్డ కప్పలేదు. మందిరం గుమ్మంలో తవిన్ చెయ్యి అడ్డం పెట్టాడు. అన్ని మాటలూ వాన రోజునే అయిపోయాయి.

వెనక్కి వెళ్ళిపోతుందనుకున్నాడు. ఆమె వెళ్ళలేదు. మందిరం మెట్లకి కింద, ఎండపడే చోట, పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. లోపల మంత్రాలు మొదలయ్యాయి. పళ్ళేలు లోపలికి వెళ్ళాయి, ఖాళీగా బయటికి వచ్చాయి. పొద్దు నడినెత్తికి వచ్చింది. మధ్యాహ్నం దాటాక భిక్షువులు ఏమీ తినరు. గంట మోగింది. ఆ వేళకి ఆమె ఒళ్ళోది ఒక్కటీ తగ్గలేదు.

జనం మెట్లు దిగడం మొదలుపెట్టారు. ముందు ఒక ముసలాయన ఆగాడు, చేతికర్ర మీద వంగి.

"ఉడుముమెడ కదూ? మా బావి పక్కన ఉండేది. ఎక్కి చెయ్యి విరగ్గొట్టుకున్నా" అని వంకర మోచెయ్యి చూపించాడు.

ఆయన పక్కన ఒకామె చేరింది. "మాది గొడ్లపాక వెనక. మా అత్త ఉప్పులో ఊరేసేది."

"బడికి పోయే దారిలో రెండుండేవి, గుర్తుందా? ఒకటి తియ్యగా ఉండేది."

"ఉడుముమెడ తియ్యగా ఉండటమేంటి నీ మొహం! నీ మొగుడు కోసిచ్చుంటాడు, అందుకని తియ్యగా ఉంది."

నవ్వుకున్నారు. ఇంకొంతమంది ఆగారు. బావి పక్కది, పాక వెనకది, దారిలోవి రెండు, చింతల దిబ్బ మీదిది, పడవల రేవు దగ్గరిది. ఎక్కడెక్కడ ఏ చెట్టుండేదో ఒకరి తరవాత ఒకరు చెప్పుకుంటూ పోయారు. వాటిలో చాలా చోట్ల ఇప్పుడు తవిన్ దురియన్లున్నాయి. ఆ మాట ఎవరూ అనలేదు. ఒక ముసలామె "ఆఖరిది కాలవ మలుపుది" అనగానే అందరూ గుమ్మం వైపు తిరిగారు. తవిన్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చేతిలో మైకు ఉంది. మీట నొక్కి లేదు.

"ఒక్కటి పెట్టవే నోట్లో" అని ఆ ముసలామె చెయ్యి చాపింది.

"ఇవాళ కాదత్తా. ఇవి మా అమ్మవి. రేపు ఆమెకి చేరాక చేసిపెడతా, కడుపునిండా."

"రేపెలా చేరతాయే? ఈయన రానిస్తేగా!"

కేసోన్ లేచింది. కాళ్ళు తిమ్మిరెక్కాయి. వెంట వచ్చిన బుప్ఫా చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ దిగారు.

దారిలో బుప్ఫా గొణిగింది: "రేపు మెట్ల మీద కూడా పెద్ద భంతే వెనకాల ఆయనే ఉంటాడక్కా, బుట్ట పట్టుకుని. అక్కడా ఆయన పెత్తనమే."

"మెట్లు కొండవే. ఆయనవి కాదు."

ఇంటికొచ్చి పళ్ళెం మీద తడిగుడ్డ కప్పి, పడుకుంది. బాగా నిద్రపట్టింది.

మర్నాడు తెల్లవారుతుండగా లేచి, స్నానం చేసి, బొటనవేలి గోరు కింద ఉన్న ఎర్రరంగుని వేపపుల్లతో శుభ్రంగా తీసుకుంది. పళ్ళెం పట్టుకుని మెట్ల దగ్గరికి వెళ్ళింది. కింది మెట్టు మీద నిలబడలేదు. అందరికన్నా పైకి, పైనుంచి మొదటి మెట్టు దాకా ఎక్కి నిలబడింది. ముందు తన దగ్గరికే రావాలని. జనం ఆకుల్లో చుట్టిన అన్నపు పొట్లాలతో, అరటి అత్తాలతో రెండు వైపులా నిండిపోయారు. కోడి కూసింది. పైన గంట మోగింది.

పెద్ద భంతే ముందు నడుస్తూ వచ్చాడు. ఎనభై ఆరేళ్ళు. ఈ కొండ కిందనే పుట్టినవాడు. ఆయన వెనక బుట్టతో తవిన్. తవిన్ వెనక ఇరవై మంది భిక్షువులు.

పెద్ద భంతే ఆగాడు. గిన్నె మూత తీశాడు. పళ్ళెంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు.

"భంతే, అవి పళ్ళు కావు, పెసరపప్పు" అన్నాడు తవిన్ మెల్లగా.

పెద్ద భంతే తల తిప్పలేదు.

"గింజ ఉందామ్మా?" అని అడిగాడు.

"లేదు భంతే" అంది కేసోన్. "గింజ లేదు. చెట్టు లేదు. ఇదే ఉంది. మా అమ్మ అడిగింది."

ఆయన ఊపిరి తీసుకున్నాడు. తరవాత, పండు ముందు అనే ఆ రెండు మాటలే అన్నాడు, ఎప్పటిలాగే, ఏ ఒత్తూ లేకుండా.

"కప్పియం కరోహి."

అక్టోబరులో ఉడుముమెడ పండదని కొండమీది కోతికి కూడా తెలుసు.

ముప్పై ఏళ్ళ అలవాటు. తవిన్ చెయ్యి దానంతటదే ముందుకొచ్చింది, బొటనవేలు చాపుకుని. కేసోన్ పళ్ళేన్ని ఇవతలికి జరుపుకుంది.

"ఆగు అన్నా. ఇది నా చెట్టు."

తవిన్ చెయ్యి గాలిలో ఆగింది. కాసేపటికి దిగి బుట్ట చెవిని పట్టుకుంది.

చేసిన పండు మీద ఆమె ఇంతవరకూ ఎన్నడూ గోరు పెట్టలేదు. బజారులో ప్రతి గంపలో పెట్టింది గానీ, తన పళ్ళెంలో పెట్టలేదు. కుప్ప మీది పండు ఎడమచేత్తో పట్టుకుని, కుడి బొటనవేలు ఆనించింది. లోతుగా కాదు, తోలు తెగేంత.

"కప్పియం భంతే" అంది. కింది మెట్టు మీదివాళ్ళకి కూడా వినబడేలా అంది.

ఆ పండు గిన్నెలో వేసింది. దాని మీద మరో నాలుగు వేసింది. పెద్ద భంతే మూత పెట్టి కింది మెట్టుకి దిగాడు. తవిన్ ఆమెని దాటి వెళ్ళాడు.

కేసోన్ గోరు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. రెండో గిన్నె వచ్చి ముందు ఆగింది. ఆమె వంగి పళ్ళెంలోంచి ఇంకో ఉడుముమెడ తీసింది.